మనకంటే ముందే వచ్చిన పండుగ

(మా సంఘం స్త్రీల సమాజం ఆగమనకాలంలో ఏర్పాటు చేసిన టీచరమ్మగారి స్మారకోపన్యాసం పాఠం)



ఈ ఉపన్యాసానికి టీచరమ్మగారి అసలు పేరు ఎందుకు పెట్టలేదని బయటి ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు అడుగుతున్నారు. తన పేరు రాతిపలక మీదగానీ కరపత్రం మీదగానీ ఉండకూడదని ఆమె బతికుండగానే సమాజం పెద్దల దగ్గర మాట తీసుకున్నారు. కాబట్టి మనకు ఆమె ఎప్పటికీ టీచరమ్మగారే. మిషన్ బడిలో పాఠాలు చెప్పారు. రిటైరయ్యాక బైబిలు సంచి భుజాన వేసుకుని గడపగడపకూ తిరిగారు. వాక్యం చెప్పడానికి వెళ్ళిన ఇంట్లో ముందు పిల్లవాడి జ్వరం తగ్గిందా అని అడిగేవారు. పుస్తకం తెరవడం ఆ తర్వాతే.

మీరు నాకిచ్చిన అంశం క్రిస్మస్ హడావిడిలో మనశ్శాంతి. నేను వేదాంత కళాశాలలో చదివినదాన్ని కాను, నర్సుని. నా క్రిస్మస్‌లు చాలావరకు వార్డుల్లోనే గడిచాయి. అయినా ఈ మాట మీద మాట్లాడమని అడిగితే కాదనలేకపోయాను. డిసెంబరు నెలాఖరుకి మన ఇళ్ళల్లో ఆడవాళ్ళ ముఖాలు చూస్తే నాకు దిగులేస్తుంది. భూమికి శాంతి వచ్చిందని దేవదూతలు చెప్పిన రాత్రిని తలచుకుంటూ, ఇంట్లో ఒక్కరినీ కుదురుగా కూర్చోనివ్వడం లేదు మనం.

ఈ నెలను ఒకసారి కళ్ళముందు పెట్టుకోండి. ఇంటికి రంగులు వెయ్యాలి, స్టార్ కట్టాలి, పశువుల పాక తయారుచెయ్యాలి. సండే స్కూలు డ్రామాకి కాపరుల కర్రలు, జ్ఞానుల కిరీటాలు, దేవదూతల రెక్కలు సిద్ధం కావాలి. బడిలో సెమీ క్రిస్మస్, ఆఫీసులో సెమీ క్రిస్మస్, కాలనీలో సెమీ క్రిస్మస్. ప్రతిచోటా ఒక కేకు, ఒక ప్రసంగం, ఒక శాలువా. పాస్టరుగారు ఒకే సాయంత్రం రెండు మూడు వేదికలెక్కి, ఆ తర్వాతి చోటికి ఆలస్యంగా వెళ్ళి మాటపడతారు. రాత్రిళ్ళు క్యారల్స్ రౌండ్స్. పాటగాళ్ళు అర్ధరాత్రి దాటాక వచ్చినా లేచి, ముఖం కడుక్కుని, టీ కాచి ఇవ్వాల్సింది ఇంటి ఇల్లాలే. ఇరవై నాలుగో తేదీ రాత్రి కొవ్వొత్తుల ఆరాధన, తెల్లవారకముందే మళ్ళీ ఆరాధన, ఆ వెంటనే బిర్యానీ, మధ్యాహ్నానికి చుట్టాలు. మర్నాటి నుంచి వాచ్‌నైట్ ఏర్పాట్లు.

మన పల్లెల్లో ఇదే సమయానికి పత్తి తీతలు, వరి కుప్పనూర్పిళ్ళు. పగలంతా చేలో నడుము వంచి పత్తి తీసి, చీకటిపడ్డాక ఇంటికొచ్చి పొయ్యి ముట్టించిన మనిషి, క్వయర్ ప్రాక్టీసుకి రాలేదని ఆదివారం నాడు నిష్ఠూరం వింటుంది. పిల్లలకి బట్టలు కొనడానికి చేసిన అప్పు సంక్రాంతి దాటినా తీరదు. పక్కింటి పిల్లలు వేసుకున్నవి చూసి మన పిల్లలు ముఖం చిన్నబుచ్చుకుంటారని భయం. వచ్చినవాళ్ళు వంకలు పెడతారని భయం. ఫోన్లో స్టేటస్‌లు చూసుకుని, మన చర్చి అలంకరణ వాళ్ళ చర్చి అంత బాగా రాలేదని ఇంకో బాధ.

పని ఎక్కువైనందుకే శాంతి పోతున్నదని నేననుకోను. వార్డులో పన్నెండు గంటలు నిలబడి, కాళ్ళు వాచి, ప్రశాంతంగా ఇంటికి పోయిన రోజులున్నాయి నాకు. పనేమీ లేక గదిలో కూర్చుని, ఎవరో అన్న మాటను పదేపదే తిప్పుకుంటూ కుమిలిన రోజులూ ఉన్నాయి. మనశ్శాంతిని తినేసేది పని వెనకాల దాక్కున్న భయం. నేను చెయ్యకపోతే పండుగ రాదన్న భయం, సరిగ్గా చెయ్యకపోతే నలుగురిలో నా విలువ పోతుందన్న భయం. ఈ రెండో భయం మన సంఘాల్లో చాలా లోతుగా పాతుకుంది. దీని గురించి గట్టిగా మాట్లాడక తప్పదు.

1842లో మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టిన నాటి నుంచి మన లూథరన్ సంఘాలకు పునాదిగా ఉన్న బోధ ఏమిటి? మనం చేసిన పనులను చూసి కాదు, కేవలం తన కృప వల్లనే దేవుడు మనల్ని తనవాళ్ళుగా చేసుకున్నాడని. ఈ బోధను కన్ఫర్మేషన్ తరగతిలో పిల్లల చేత కంఠతా పట్టిస్తాం. ఏడాదికి పదకొండు నెలలు దీన్ని నమ్మి, డిసెంబరు రాగానే పనుల మీద బతకడం మొదలుపెడతాం. అరిసెల డబ్బా నిండితేనే, మేడ మీద లైట్లు వెలిగితేనే క్రిస్మస్ వచ్చినట్టు. కానీ ఆ బిడ్డ పుట్టి రెండు వేల ఏళ్ళు దాటింది. మన ఇల్లు సర్దుకున్నామా లేదా అని చూసుకుని ఆయన రాలేదు. పండుగ మనకంటే ముందే వచ్చి కూర్చుంది. మనం వండేది, కట్టేది, పాడేది అంతా ఆ కానుకకు కృతజ్ఞత చెప్పడమే. దాని ఖరీదు మనం కట్టేదీ కాదు, కట్టగలిగేదీ కాదు. ఈ మాట మనసులోకి దిగినవాళ్ళు అదే పని చేస్తూ కూడా నెమ్మదిగా ఉండగలరు. ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఇంతే, మిగతాదంతా దీని చుట్టూ తిరిగేదే.

లూకా సువార్త రెండో అధ్యాయాన్ని పండుగ పాఠంగా వినీవినీ, అందులో ఎంత గందరగోళం ఉందో గమనించడం మానేశాం. కైసరు ఔగుస్తు జనాభా లెక్కలు రాయించమన్నాడు. పాలకుడు జనాన్ని లెక్కపెడుతున్నాడంటే పన్నుల కోసమేనని పేదవాళ్ళందరికీ తెలుసు. నజరేతు నుంచి బేత్లెహేముకి నూరు కిలోమీటర్లు దాటిన ప్రయాణం. నెలలు నిండిన మనిషి. వడ్రంగం చేసుకునే భర్త. ఊరంతా జనం, సత్రంలో చోటు లేదు. ప్రసవం మామూలు ఇంట్లో కూడా జరగలేదు. నేను పురుళ్ళ వార్డులో పనిచేసినదాన్ని కాబట్టి ఆ రాత్రిని చిత్రపటాల్లోలాగా చూడలేను. నీళ్ళెవరు కాచారు, ఎవరు పట్టుకున్నారు, పొత్తిగుడ్డలు ముందే సర్దుకుని తెచ్చుకుందా ఆ పిల్ల? లూకా ఇవేవీ చెప్పడు. బిడ్డను చుట్టి పశువుల తొట్టిలో పడుకోబెట్టిందని మాత్రం చెబుతాడు. ఆ చుట్టింది ఆ తల్లే. అంటే మొదటి క్రిస్మస్ నాడు కూడా ఒక బాలింత లేచి పనిచేసింది.

కబురు ఎవరికి అందింది? రాత్రి కాపలా కాస్తున్న కాపరులకి. సెలవు పెట్టి గుడికి పోయినవాళ్ళకి కాదు, డ్యూటీలో ఉన్నవాళ్ళకి. వాళ్ళు వెళ్ళి చూసి, మళ్ళీ మంద దగ్గరికే తిరిగిపోయారు. తెల్లారేసరికి వాళ్ళ జీతం పెరగలేదు, చలి తగ్గలేదు. దేవుణ్ణి స్తుతిస్తూ పోయారని మాత్రం లూకా రాశాడు. ఆ గొడవంతటి మధ్య మరియ ఒక్కతే, విన్న సంగతులన్నీ మనసులో దాచుకుని ఆలోచించుకుంటూ ఉండిపోయిందట. చుట్టూ అపరిచితులు, పక్కన పసిగుడ్డు, ఒళ్ళంతా నొప్పులు. అలాంటి చోట కూడా ఒక మనిషి లోపల అంత నిశ్శబ్దం సాధ్యమైంది.

ఇక్కడ మీలో చాలామందికి బేతనియలోని మార్త గుర్తొస్తుందని నాకు తెలుసు. ప్రసంగాల్లో ఆమెను తక్కువ చేసి చెప్పినప్పుడల్లా వంటింటి ఆడవాళ్ళంతా తల దించుకుంటారు. ఆ భాగం మళ్ళీ చదవండి. ప్రభువు ఆమె వంటను తప్పుపట్టలేదు. రెండుసార్లు పేరుపెట్టి పిలిచి, ఎన్నో విషయాల మీద మనసు చెదిరి సతమతమవుతున్నావని చెప్పాడు. ఆయన చూసింది ఆమె మనసును. అంతటితో ఆమె కథ అయిపోలేదు. యోహాను సువార్తలో సోదరుడు లాజరు చనిపోయినప్పుడు ఎదురెళ్ళి, నీవే క్రీస్తువని ఒప్పుకున్నది ఈ మార్తే. ఆ తర్వాతి అధ్యాయంలో బేతనియలో మళ్ళీ విందు జరిగింది. వడ్డించింది మళ్ళీ మార్తే. ఈసారి చెల్లెలి మీద ఫిర్యాదు లేదు. చేసేది అదే పని, చేసే మనిషి మారింది. మార్త మీద ప్రసంగం చేసే అయ్యగార్లు ఈ రెండో విందు దాకా చెబితే బాగుంటుంది.

వంటపనిలోనే నెమ్మది దొరికిన మరొకరి సంగతి చెబుతాను. పదిహేడో శతాబ్దంలో పారిస్ నగరంలో నికొలా హెర్మాన్ అనే ఆయన ఉండేవాడు. పూర్వాశ్రమంలో సైనికుడు, యుద్ధంలో గాయపడ్డాడు. 1640లో కార్మెలైట్ మఠంలో చేరి బ్రదర్ లారెన్స్ అనిపించుకున్నాడు. పెద్ద చదువు లేదు కాబట్టి వంటశాలలో వేశారు. ఆ పనంటే ఆయనకు స్వభావరీత్యా అయిష్టం. ఏళ్ళ తరబడి అందులోనే ఉన్నాడు, తర్వాత మఠంలో వాళ్ళ చెప్పులు కుట్టేపని చూశాడు. గిన్నెల చప్పుడులో, నలుగురు నాలుగువైపుల నుంచి పిలుస్తున్నా, గుడిలో మోకరించినప్పుడు ఎలా దేవుని సన్నిధిలో ఉంటానో ఇక్కడా అలాగే ఉంటానని ఆయన చెప్పుకున్నాడు. 1691లో పోయాడు. తర్వాత ఆయన మాటలూ ఉత్తరాలూ కూర్చి పుస్తకం చేస్తే, కతోలికులూ ప్రొటెస్టంట్లూ అన్న తేడా లేకుండా ఇవాళ్టికీ చదువుకుంటున్నారు.

టీచరమ్మగారు ఆ పుస్తకం చదివారో లేదో నాకు తెలియదు. కానీ ఆమె అరిసెలు వండడం నేను దగ్గర కూర్చుని చూశాను. ముందురోజు నానబోసిన బియ్యం వడకట్టి, తడి ఆరకముందే దంపి జల్లించేవారు. బెల్లం పాకం పెట్టి గరిటెతో కాస్త తీసి నీళ్ళ గిన్నెలో వేసేవారు. ఆ చుక్క వేళ్ళ మధ్య ఉండ కడితే దించి, పిండి పోసి కలిపేవారు. నువ్వులద్ది, ఆకు మీద తట్టి, నూనెలో వదిలి, వేగాక అరిసెల చెక్కల మధ్య పెట్టి నూనె ఒత్తేవారు. ఆ ఒత్తే క్షణంలో ఆమె పెదవులు కదిలేవి. ఏమిటమ్మా అనుకుంటున్నారు అని అడిగాను. ఒక్కో అరిసెకీ ఒక్కో ఇంటిని తలచుకుని ప్రార్థన చేస్తున్నానన్నారు. చర్చి మొదటి వీధిలో మొదలుపెట్టి కాలవ గట్టు మీది గుడిసెల దాకా. తాగుబోతు భర్త ఉన్న ఇల్లు, కూతురు కువైట్‌లో పనిమనిషిగా ఉన్న ఇల్లు, ఆమెతో మాటలు మానేసిన ఇల్లు కూడా. వాయి పూర్తయ్యేసరికి సంఘమంతా ఆమె చేతుల్లోంచి దాటిపోయేది. వంటకి వేరే సమయం, ప్రార్థనకి వేరే సమయం వెతుక్కోలేదామె. చెమట కారుతూనే ఉండేది, పొగకి కళ్ళు మండుతూనే ఉండేవి, ఆమె మాత్రం కంగారుపడగా నేను చూడలేదు.

ఒక్క జాగ్రత్త. ఇదంతా విని, అలాగైతే పనంతా ఆడవాళ్ళే ప్రార్థన చేసుకుంటూ చెయ్యొచ్చు కదా అని మగవాళ్ళు అనుకుంటే, నా మాటను దుర్వినియోగం చేసినట్టే. టీచరమ్మగారి పక్కన కూర్చుని నూనె ఒత్తింది ఆవిడ భర్త మాస్టారుగారు.

ఇప్పుడు కష్టమైన సంగతికి వస్తాను. హడావిడి వల్ల కాదు, గుండె పగిలి క్రిస్మస్ దగ్గర నిలబడేవాళ్ళున్నారు. నేను పనిచేసిన మిషన్ ఆసుపత్రిలో, పండుగనాడు తెల్లవారుజామున డ్యూటీ లేని సిస్టర్లంతా కొవ్వొత్తులు పట్టుకుని పాడుకుంటూ వార్డు వార్డుకూ తిరిగే ఆనవాయితీ ఉండేది. ఒక ఏడు నేను లేబర్ వార్డులో డ్యూటీలో ఉన్నాను. గుర్రపువాతం వచ్చి ఫిట్స్‌తో తెచ్చిన చిన్నపిల్ల, తొలిచూలు. డ్రిప్ చుక్కలు లెక్కపెట్టాలి, బీపీ చూడాలి, యూరిన్ ఎంత వచ్చిందో రాయాలి, నాలుక కరుచుకోకుండా కనిపెట్టుకుని ఉండాలి. పాట వరండాలోంచి వచ్చి, మా తలుపు దగ్గర కాసేపాగి, వెళ్ళిపోయింది. నేను తల ఎత్తలేదు. పండుగ తప్పిపోయిందన్న బాధ మాత్రం కలగలేదు. కాపరులకి కబురందింది ఇలాంటి పనిలో ఉండగానే కదా అని, ఆ చుక్కలు లెక్కపెడుతూనే నాకు తోచింది. ఆ పిల్ల బతికింది. బిడ్డ దక్కలేదు.

ఆ తల్లికి హ్యాపీ క్రిస్మస్ అని చెప్పగల నోరు ఎవరికుంది? మన విశ్వాసం ఆమెకివ్వగల శాంతి ఏదైనా ఉందా, లేక అది బిడ్డలున్న ఇళ్ళ పండుగేనా? నేను చాలాకాలం ఈ ప్రశ్నతో ఉన్నాను. సంఘ క్యాలెండరులోనే నాకొక జవాబు కనిపించింది. క్రిస్మస్ తర్వాత మూడు రోజులకు, డిసెంబరు 28న, హేరోదు చంపించిన బేత్లెహేము పసిపిల్లలను సంఘం జ్ఞాపకం చేసుకుంటుంది. కేకు ఇంకా అయిపోకముందే, పిల్లలు పోయిన తల్లుల ఏడుపు మన ఆరాధనలోకి వస్తుంది. మత్తయి ఆ ఏడుపును సువార్తలోంచి తీసెయ్యలేదు. బాలయేసును ఎత్తుకుని తల్లిదండ్రులు రాత్రికి రాత్రి ఐగుప్తుకు పారిపోయారు. మనం నమ్మే శాంతి ఏడుపు వినబడనంత దూరంలో లేదు. ఆ ఊళ్ళోనే, ఆ తల్లుల మధ్యే పుట్టింది.

అలాంటి చీకటిలోనే ఆ శాంతిని పట్టుకున్న ఒకాయన ఉన్నాడు. జర్మనీ లూథరన్ పాస్టరు డీట్రిష్ బాన్‌హోఫర్‌ను నాజీ ప్రభుత్వం 1943 ఏప్రిల్ 5న అరెస్టు చేసింది. ఆ ఏటి క్రిస్మస్ బెర్లిన్‌లోని టేగెల్ జైల్లో గడిచింది. చుట్టూ బాంబుదాడులు, పక్కగదుల్లో మరణశిక్ష పడినవాళ్ళు. ఆయన తోటి ఖైదీల కోసం ప్రార్థనలు రాసిపెట్టాడు. స్నేహితుడికి రాసిన ఉత్తరంలో, జైలుగది ఆగమనకాలానికి సరైన పోలిక అన్నాడు. లోపలి మనిషి ఎదురుచూస్తాడు, ఏవో చిన్న పనులు చేసుకుంటాడు, కానీ తలుపు మాత్రం బయటి నుంచే తెరుచుకోవాలి. 1945 ఏప్రిల్ 9న ఫ్లోసెన్‌బుర్గ్ శిబిరంలో ఆయన్ను ఉరితీశారు. ఆయన అడిగిన తలుపు ఈ లోకంలో తెరుచుకోలేదు. అయినా ఆ ఉత్తరాలు చదివితే, బయట తిరుగుతున్న మనకన్నా ఆ లోపలి మనిషే కుదురుగా ఉన్నాడనిపిస్తుంది. తలుపు తెరవాల్సింది తాను కాదని ఆయనకు తెలుసు.

ఎదురుచూడడం మనం మరిచిపోయాం. ఆగమనకాలం నాలుగు ఆదివారాలనూ సెమీ క్రిస్మస్‌లు మింగేశాయి. 1839లో హాంబర్గ్ నగరంలో యోహాన్ హిన్రిచ్ విచెర్న్ అనే పాస్టరు, తాను చేరదీసిన పేదపిల్లలు క్రిస్మస్ ఎప్పుడొస్తుందని రోజూ అడుగుతుంటే, ఒక బండిచక్రం మీద కొవ్వొత్తులు పెట్టించాడు. మామూలు రోజులకు చిన్నవి, ఆదివారాలకు పెద్దవి. రోజుకొకటి వెలిగించేవారు. ఇవాళ మన బలిపీఠం పక్కన ఉన్న ఆగమన కొవ్వొత్తులకు మూలం అదే. పేదపిల్లలు ఓపిగ్గా కాచుకోవడానికి మొదలైన పద్ధతి అది. మనం ఒక్కో ఆదివారం ఆ కొవ్వొత్తి వెలిగించి, వెంటనే మైకులో ఆ వారం ప్రోగ్రాముల జాబితా చదువుతున్నాం.

అందుకని సంఘ పెద్దలకు నాదొక మనవి. ఆగమనకాలంలో వారానికి ఒక సాయంత్రం ఏ ప్రోగ్రామూ పెట్టకండి. చర్చి తలుపులు తీసి ఉంచండి, దీపం ఉంచండి, మైకు వద్దు. వచ్చినవాళ్ళు కూర్చుంటారు, కాసేపు ఏడవాలనుకున్నవాళ్ళు ఏడుస్తారు, పత్తి చేలోంచి వచ్చిన మనిషి బెంచీ మీద కునుకు తీసినా ఫరవాలేదు. తుఫానులో దోనె అమరం మీద నిద్రపోయిన ప్రభువు ఆమెను లేపమనడు. అప్పుచేసి బట్టలు కొనొద్దని వేదిక మీదనుంచి ఒక్కసారైనా చెప్పండి. పాత చీర కట్టుకుని వచ్చినవాళ్ళని ముందు వరసలో కూర్చోబెట్టండి.

యూత్ పిల్లలకు వేరే పని చెబుతాను. మీ క్యారల్స్ రౌండ్స్ జాబితా నాకు చూపించారు. అందులో ఈ ఏడు చావు జరిగిన ఇళ్ళకు అడ్డగీత పెట్టి ఉంది. వాళ్ళు పండుగ చేసుకోరు కాబట్టి అక్కడ పాడకూడదని పెద్దలెవరో చెప్పారట. టీచరమ్మగారు ఉన్నప్పుడు రౌండ్స్ మొదలయ్యేది ఆ ఇళ్ళతోనే. పొద్దుగూకాక, మిగతా బృందం బయల్దేరకముందే, ఇద్దరు ముగ్గురు పిల్లలను వెంటబెట్టుకుని వెళ్ళేవారు. డప్పు, గిటారు బయటే ఉంచి లోపలికి వెళ్ళి కూర్చునేవారు. పోయిన మనిషి పేరు చెప్పుకునేవారు. ఇంటివాళ్ళు పాడమంటే ఒక పాట, వద్దంటే ప్రార్థన. ఆ అడ్డగీతలు చెరిపేసి, ఆ ఇళ్ళను జాబితాలో పైకి తెచ్చుకోండి. మొదటిది కాలవ గట్టు మీద మొన్న శ్రావణంలో కొడుకుని పోగొట్టుకున్న ఇల్లు. శనివారం సాయంత్రం ఆరింటికి నేనూ మీతో వస్తాను. ఆ తల్లిని లేపి టీ పెట్టమనొద్దు, ఫ్లాస్కులో మనమే తీసుకెళ్దాం.